కనవడ్తలేవు

కాదు, తప్పు రంగుది కాదు, మడతది. చెట్టుకు మడత ఉండదు, రాయికి ఉండదు. నేల మీద పుట్టిన గీతలన్నీ వంకరవే. ఎక్కడైనా తిన్నని గీత కనబడిందంటే దాని వెనక మనిషి ఉన్నట్టే. సైన్యంలో కొత్త కుర్రాళ్లకు యోగేందర్ ఏళ్ల తరబడి చెప్పిన మొదటి పాఠం అది. ఆ పాఠమంతా ఇప్పుడు తలకిందులై మంచం మీద పడి ఉంది. అది సైన్యంలో అతను తొడిగిన పాత పచ్చమచ్చల చొక్కా. తల్లి సక్కుబాయి దాన్ని నీలిమందులో జాడించి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీతో రెండు చేతులకూ కత్తి అంచులాంటి మడతలు తీసింది. కిటికీలోంచి పడ్డ ఎండకు అది తళతళలాడుతోంది.

"ఏందమ్మా గిది? గంజెందుకు పెట్టినవ్?"

"పెట్టనా మరి? ఫౌజు బట్టలు నలిగినయి ఏసుకుంటే మంది ఏమంటరు? సక్కుబాయి కొడుకుకు పించినొస్తుంది గని గంజికి గతి లేదంటరు."

"మందికి కనవడకుండ ఉండుటానికే గదనే ఆ బట్టలు!"

"కనవడకపోతే ఇంక బట్టలెందుకు?" అంది సక్కుబాయి.

గడపలో కూతురు కన్యక నిలబడి ఉంది, చేతిలో తల్లి ఫోన్. తొమ్మిదో తరగతి. బడిలో విజ్ఞాన మేళా ఉంది, దానికి ఆమె ఎంచుకున్నది ఈ బట్టల సంగతే: ఏ నేల మీద ఏ మేరకు మనిషిని దాస్తాయి, ఎక్కడ పట్టిస్తాయి. ఒకే చొక్కా, వేరు వేరు చోట్ల ఫోటోలు.

"తయారయ్యుడు అయిందా?" అని అడిగింది.

అదీ ఆమె తెలివి. యోగేందర్ రిటైరై బీదర్‌కు వచ్చి వానాకాలం గడిచిపోయింది, ఆ తెలివి అతనికి అర్థం కావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. తల్లినీ నాయనమ్మనూ 'నువ్వు' అంటుంది. బడిలో మేడమ్‌ను 'మీరు' అంటుంది. అతన్ని రెండూ అనదు. నువ్వు అంటే దగ్గరితనం ఒప్పుకున్నట్టు, మీరు అంటే పరాయివాడని చెప్పినట్టు. అందుకని రెండు చేల నడుమ గట్టు మీద నడిచే మనిషిలా, ఎటూ కాలు జారకుండా, 'తినుడు అయిందా', 'పోవుడు ఉన్నదా', 'గిట్ల చేయొచ్చునా' అంటూ సాగిపోతుంది. చిన్నప్పుడు ఇంట్లో అందరూ "ఫౌజీ వస్తుండు" అనేవాళ్లు కాబట్టి ఆమె కూడా ఫౌజీ అనే పిలిచేది. కాస్త పెద్దయ్యాక దానికి సిగ్గుపడి మానేసింది. ఖాళీ అయిన ఆ చోట్లోకి వేరే మాటేదీ రాలేదు.

ఒకసారి భార్య భాగ్యజ్యోతి అంది: "పిల్ల నిన్ను ఏమనీ పిలుస్తలేదు, చూస్తున్నవా? నువ్వే అడుగరాదు."

"అడిగి పిలిపిచ్చుకుంటే అది పిలుపెట్లయితది?"

అప్పుడు అలా అన్నాడు గానీ, లోపల అతనికి ఒక వింత మెచ్చుకోలు కలిగింది. అంచులు చెరిపేసుకోవడం, వెనకున్న రంగులో కలిసిపోవడం, ఎదుటివాడి చూపు ఆగడానికి ఏ గీతా మిగల్చకపోవడం. పిల్లకు ఎవరూ నేర్పలేదు. లేదా, సెలవులకు వచ్చిన ప్రతిసారీ మూలన కుర్చీ వేసుకుని పేపరు వెనక కూర్చుని అతనే నేర్పాడు.

జేబులో ఫోన్ బరువుగా ఉంది. హుమ్నాబాద్ దగ్గర ఒక కార్ఖానాలో కాపలావాళ్ల మీద అజమాయిషీ పని, ఉండటానికి గది కూడా ఇస్తామన్నారు. రేపు జవాబు చెప్పాలి. పెద్ద దూరమేమీ కాదని, వారానికోసారి రావచ్చని ఇంట్లో అందరికీ చెప్పాడు. ఆ గది తలచుకోగానే తనలో కలిగిన ఊరట సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ ఊరట అతనికి పాతదే. గుంటలోకి దిగి మీద ఆకులు కప్పుకున్నప్పుడు కలిగేది అలాంటిదే.

చొక్కాను సంచిలో పెట్టుకుని, కన్యకను వెనక ఎక్కించుకుని బండి తీశాడు. ఒంటి మీద వేసుకుని వీధుల్లో తిరగడం అతనికి ఇష్టం లేదు. ఊరి చివర ఎర్ర మొరం దిబ్బ దగ్గర ఆపి, చొక్కా తొడుక్కుని బోర్లా పడుకున్నాడు. కన్యక దూరంగా నడిచి వెళ్లి వెనక్కి తిరిగింది. తిరిగిన మరుక్షణమే పకపకా నవ్వింది.

"ఎర్ర దుప్పటి మీద తమలపాకు పెట్టినట్టే ఉన్నది! నాయినమ్మ మడతలైతే ఇంక దూరంకెల్లి గూడ మెరుస్తయి!"

అతనూ నవ్వాడు. లేచి మొరం దులుపుకుంటూ చెప్పసాగాడు. మామూలుగా ఇన్ని మాటలు రావు అతనికి. బట్టల గురించి కాబట్టి వచ్చాయి.

"గీ పచ్చది రాజస్థాన్ ఇసుకల ఏసుకుంటే ఒంటెలు గూడ చెట్టనుకోని దగ్గరికొస్తయి. మంచుల తెల్లది ఇస్తరు. అది పొగకు, చెమటకు మాసిపోతది. మంచు పక్కన మాసిన తెలుపు పసుపు పూసినట్టు కొట్టొచ్చినట్టు కనవడ్తది. అస్సాం దిక్కు అడివిల అయితే గిదే చొక్కా బంగారం. పక్కనున్నోన్ని చూడక తొక్కుతుంటిమి."

"అయితే అన్ని జాగలల్ల పనికొచ్చేది ఏదీ లేదా?"

"బట్ట లేదు బిడ్డా. అన్ని జాగలల్ల దాసేది ఒక్కటే, కదలకుండ ఉండుడు. రంగు తప్పయినా సరే, కదలనోడు బతుకుతడు. రంగు మంచిగున్నా కదిలినోడు దొరుకుతడు."

కన్యక ఫోన్‌లో ఫోటోను పెద్దది చేసి చూసింది. తర్వాత, "అట్ల కదలకుండ ఎన్ని దినాలు ఉండొచ్చు?" అని అడిగింది.

మేళా కోసమే అడిగిందో, మరి దేనికోసం అడిగిందో అతనికి తెలియలేదు. "అలవాటైతది" అన్నాడు.

అక్కడి నుంచి చింతకికి వెళ్లారు. అక్కడ వాళ్ల పొలం ఉంది. కంది మనిషెత్తు పెరిగి పూతకు వచ్చింది. పొలాన్ని పాలుకు చేస్తున్న ఈరయ్య బోరు దగ్గర నిలబడి, బండిని చూడగానే కేకేశాడు.

"ఏందే యోగేందర్, కనవడ్తనే లేవు! ఊళ్లెకొచ్చి గిన్ని దినాలాయె, మా ముఖం చూడబుద్ధి కాలేదా? ఏం బిడ్డా కన్యకా, మీ ఫౌజీని ఇంట్ల దాసిపెట్టిన్రా?"

యోగేందర్ ఏదో నసిగి తప్పించుకున్నాడు. 'కనవడ్తలేవు' అన్న మాట మాత్రం మనసులో ముల్లులా నిలిచిపోయింది. శిక్షణలో ఉన్నప్పుడు ఆ మాట అతనికి పతకం. ఉస్తాద్ దుర్బీను పెట్టి గుట్టంతా వెతికి, చివరికి విసుగొచ్చి, వీడు కనబడటం లేదు, షాబాష్ అన్న రోజు అతను అన్నం కూడా మరచిపోయాడు. ఇక్కడ, తన నేల మీద, అదే మాట నిష్ఠూరం. ఇక్కడి మనుషులు కొలిచే కొలత వేరు. నువ్వెంత బాగా దాక్కున్నావని కాదు, ఎన్నాళ్లు మా కళ్లకు లేకుండా పోయావని. ఒకే మాట రెండు నేలల మీద రెండు రంగుల్లో కనబడుతుందా?

బోరు నీళ్ల కింద చొక్కా పెట్టి గంజి వదిలించారు. కన్యక ఒక పక్క పిసికింది, అతను ఒక పక్క. తెల్లటి నీళ్లు కాలవలోకి పారాయి. తర్వాత ఆమె గుప్పెడు తడిమట్టి తీసి మోచేతుల దగ్గర రుద్దింది.

"నాయినమ్మకు చెప్పుడు లేదు" అంది, దొంగనవ్వుతో.

"చెప్తే మనిద్దరికి గంజి పెడ్తది" అన్నాడు అతను.

చొక్కా కొంచెం ఆరాక కందిలోకి దిగాడు. ఆమె గట్టు మీద వెనక్కి తిరిగి కళ్లు మూసుకుంది. సాళ్ల మధ్య వంగి కొంత దూరం పోయి, కొమ్మలు దగ్గరగా ఉన్న చోట చూసుకుని, నీడ ముఖం మీద పడేలా కూర్చున్నాడు. చొక్కా మీది మచ్చల్లోకి ఆకుల నీడలు జారాయి. మోకాళ్లు ఎక్కడ ముగిశాయో, కంది ఎక్కడ మొదలైందో అతనికే తెలియలేదు. గుండె నెమ్మదించింది. ఎంత హాయి. ఎవరూ ఏమీ అడగరు. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

ఆమె వెతుకుతోంది. ఫోన్ ఎత్తి పట్టుకుని గట్టు వెంట నడిచింది. నవ్వుతూ ఒక కొమ్మను చూపించి, కాదనుకుంది. పొలంలోకి దిగింది. పక్క సాలులోంచే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా దాటిపోయింది. ఆమె చెప్పు కింద ఎండాకు చప్పుడు, జడలోని నూనె వాసన. చొక్కా గెలిచింది. ఇంతకంటే మంచి పరీక్ష ఉండదు.

ఆమె ఆగింది. నవ్వు పోయింది. "అయింది, రావచ్చు" అంది.

లేవాలి. ఒళ్లు లేవలేదు. కదిలినోడు దొరుకుతడు. ఇన్నేళ్లూ ఒంట్లో ఇంకిపోయిన ఆ మాట కాళ్లను పట్టుకుంది. తనను పట్టుకున్నది పాఠమేనా? పాఠమైతే పరీక్ష అయిపోయింది కదా. దొరికితే ఏమవుతుందని ఈ భయం? కాల్చేవాళ్లెవరూ లేరు. ఉన్నది ఒక పిల్ల. దొరికితే ఆ పిల్ల చూస్తుంది, అంతే. చూసి, ఇంతేనా ఈయన, అనుకుంటుందేమో. ఆ ఒక్కదానికేనా, తను ఇన్ని రంగులు మార్చింది?

"ఓ... అయిందీ అంటున్న!" గొంతు సన్నబడింది. కంది మీదుగా గాలి వీచింది. అన్నీ కదిలాయి, అతను తప్ప. ఆమె అటు తిరిగింది, ఇటు తిరిగింది. మనిషెత్తు పచ్చదనంలో అన్ని వైపులూ ఒకేలా ఉన్నాయి. పిలవడానికి ఆమె దగ్గర పేరు లేదు. అంచులు లేని మాటలన్నీ వాడేసింది, ఒక్కటీ అతన్ని చేరలేదు. తలుపు వెనక నుంచి ఫౌజీని తొంగిచూసిన చిన్నపిల్ల ముఖం ఒక్క క్షణం ఆమెలోకి వచ్చి నిలబడింది.

"నాయినా!" అంది కన్యక. అని, తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డట్టు ఆగి, మళ్లీ గట్టిగా, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో అరిచింది. "నాయినా, యాడున్నవ్? నువ్వు కనవడ్తలేవ్!"

యోగేందర్ కుడిచేయి పైకెత్తి, పక్కనున్న కంది కొమ్మను పట్టుకుని, పసుపు పూలు రాలేలా ఊపాడు.