బండి లెక్కన ఇల్లు

మా ఆయన రాజంకు బండి మీద ఉన్నంత తెలివి ఇంటి మీద లేదు. అసలు కొంప మునిగింది ఆ బండి తెలివిని ఇంటికి వాడటంవల్లే.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటూనే, రిటైరయ్యాక ఉండొచ్చని నది వైపు ఇల్లు కట్టుకున్నాం. మా తమ్ముడు సంపత్ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఇంటికి పాలసీ వాడే చేయించాడు. ఇటుక, ఇసుక, కూలి అన్నీ పెరిగాయి, మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అంతకు రాయించమని ఏటా వచ్చి బతిమాలేవాడు. ఈయన వింటేనా! బండి పాతబడేకొద్దీ పాలసీలో దాని విలువ తగ్గుతుంది కదా, ఇంటికీ అంతేనని మొండికేసి ఏటా తగ్గించి రాయించాడు. పైగా వాడి ఆత్రమంతా కమీషన్ కోసమేనని నా ముందే ఎగతాళి. నాకు ఒళ్లు మండేది.

పోయిన వానాకాలం వరద కాలనీలోకి వచ్చింది. వెనక రెండు చిన్న గదులూ కప్పుతో సహా కూలాయి. ముందు గది గోడ పగిలింది, అందులో పడుకోవద్దని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. నష్టంకన్నా పాలసీ మొత్తమే ఎక్కువ కదా, అంతా వస్తుందని ఈయన ధీమా. వచ్చింది సగమే. ఇల్లు మళ్లీ కట్టే ఖర్చులో సగానికే రాయించాం కాబట్టి, ఎంత నష్టమైనా అందులో సగమే ఇస్తారట. ఆ డబ్బుతో గోడలు నడుందాకా లేచి ఆగిపోయాయి.

ఈలోపు ఈయన రిటైరయ్యాడు. చేతికొచ్చిందంతా ఇంటి అప్పుకే పోయింది. ఇవాళ క్వార్టర్ తాళం అప్పగించాలి.

పొద్దున సంపత్ వచ్చాడు. ఈయన వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు పూర్తి ధరకు రాయిరా. ఎంతైనా కడత."

వాడు తల వంచుకున్నాడు. "గోడలు లేచి కప్పు పడ్డంకనే రాస్తరు బావా."

అప్పుడే వీధిలో మైకు ఆటో తిరిగింది. గోదావరి పెరుగుతోందట, ఒడ్డు కాలనీల్లోకి ఎవరూ పోవద్దట. తిడదామని ఇన్నాళ్లు దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఆయన మొహం చూసి తిట్టలేక ఏడ్చాను.

సామాన్లు మూటలు కట్టాను. ఒక మూట బండి వెనక కట్టి, ఆయన బండి స్టార్ట్ చేశాడు.

"ఎటు పోదాం?" అని నన్నడిగాడు.

నేను మూటను ఆనుకుని వెనక ఎక్కి కూర్చున్నాను.