నా నెత్తిన శ్రీకారం

నేను ఒక ఫోల్డర్‌ని. చంకలో పెట్టుకునే అట్ట ఫోల్డర్‌ని కాదు బాబూ! సామర్లకోటలో గవరయ్య నడిపే డీటీపీ సెంటర్‌లో, పాత కంప్యూటర్ కడుపులో ఉండేదాన్ని. ప్రింటర్ లాంటి కొత్త సరుకేది తగిలించినా, దాన్ని పనిలో పెట్టే ఫైళ్ళన్నీ నా దగ్గరే ఉండేవి. మెకానిక్ మల్లిబాబు నన్ను సీడీలోంచి దింపి, "సీడీ నేను పట్టుకుపోతానండి. ఈ ఫోల్డర్ జోలికి మాత్రం ఎల్లకండి" అని చెప్పి మరీ వెళ్ళాడు.

చెప్పిన మాట వింటే గవరయ్య ఎందుకవుతాడు! పైన శ్రీ రాయందే చాకలి పద్దు కూడా మొదలెట్టని మనిషి. తొలి దసరాకి కంప్యూటర్‌కి పసుపూ కుంకుమా పెట్టి, కీబోర్డు మీద అక్షింతలు చల్లాడు. ఆ ఊపులో నా పేరు ముందు ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ తగిలించాడు. నాకు గౌరవమే, కాదనను. కానీ కంప్యూటర్‌కి నేను పాత పేరుతోనే తెలుసు.

ఆ సంగతి కొత్త ప్రింటర్ తగిలించిన రోజున బయటపడింది. స్కూలు హెడ్‌మాస్టరమ్మ కనకవల్లి గారు ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నారు. మధ్యాహ్నంలోగా ప్రశ్నపత్రం అచ్చయితే ఏడాది పనంతా గవరయ్యది, లేకపోతే ఎదుటి జిరాక్సు షాపుది. ఫలానా పేరున్న ఫోల్డర్ కనబడలేదు, ఎక్కడుందో చూపించండి అని కంప్యూటర్ తెర మీద మొత్తుకుంటోంది. ఒక్కరు చదివితేనా! గవరయ్య ఓకే నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, చివరికి నిమ్మకాయతో దిష్టి తీశాడు. ప్రశ్న చదవకుండా జవాబు రాశారని పిల్లల చెవులు మెలిపెట్టే కనకవల్లి గారు కూడా, "ఏదో ఇంగ్లీషులో వస్తోంది, కొట్టేయండి" అన్నారు.

కబురందుకుని వచ్చిన మల్లిబాబూ చదవలేదు. "వైరస్సండి. మొత్తం తుడిచెయ్యాలి."

"శ్రీ పెట్టిన ఫోల్డరుందయ్యా అందులో! అదీ పోద్దా?"

"ఏ ఫోల్డరైనా పోద్దండి."

గవరయ్య తెరకి దణ్ణం పెట్టి లెంపలు వేసుకున్నాడు. ఇదిగో ఇక్కడే ఉన్నాను, నన్ను చూపించండ్రా అని గోలపెట్టాను. నా గోడు ఎవరికి కావాలి! తుడిచేశారు. ఆ పని అయ్యేలోగా కనకవల్లి గారు విసుక్కుంటూ రోడ్డు దాటి ఎదుటి షాపుకి వెళ్ళిపోయారు.

తుడిచారన్న మాటే గానీ, నేను పూర్తిగా పోలేదు. ముక్కలు ముక్కలుగా డిస్కు మూలన పడి ఉన్నాను. మల్లిబాబు నా పాత పేరుతోనే కొత్త ఫోల్డర్‌ని దింపి వెళ్ళాడు. ప్రింటర్ చక్కగా పలికింది, అచ్చు వేయడానికే ఏమీ లేదు.

గవరయ్య మొహం వేలాడేసుక్కూర్చున్నాడు. ఏడాది కూడు పోయిందని నాకూ జాలేసింది. "ఇంత అరిష్టం ఎందుకొచ్చిందో" అని గొణుక్కున్నాడు. కాసేపటికి ఏదో తట్టినట్టు లేచి, కీబోర్డు దగ్గరికి లాక్కుని, భక్తిగా, కొత్త ఫోల్డర్ పేరు ముందు శ్రీ కొట్టాడు.