నీక్యాప్ లేని కాలు

అయినా స్టూలు దిగడం కూడా ఒక విద్యేనా, దానికొక గది, గదిలో నిలువుటద్దం, అద్దం పక్కన నిలబడి "నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా" అనడానికి జీతమిచ్చి పెట్టుకున్న ఒక అమ్మాయి. జానెడు ఎత్తు కూడా లేదు ఆ స్టూలు. కొత్తగా నడక నేర్చిన పిల్ల ఎవరూ చెప్పకుండానే దిగుతుంది. ఒకప్పుడు టెన్నిస్ కోర్టులో సర్వీసు కొట్టి, బంతి అవతల పడేలోపే నెట్ దగ్గర ప్రత్యక్షమయ్యే మనిషి, ఇప్పుడు ఎడమ కాలి మీద నిలబడి, కుడి మడమ నేలకు తాకీ తాకనట్టు ఆనించి, మళ్లీ పైకి లేవాలట. లేస్తే ఆ అమ్మాయి "గుడ్" అంటుంది. కుక్కపిల్లతో అన్నట్టు.

అద్దంలో అతని వెనక మిగతా భక్తబృందం కనిపిస్తోంది. రబ్బరు బ్యాండు లాగుతూ మోక్షం కోసం ఎదురుచూస్తున్న ఒక లావుపాటాయన. గోడ మీద వేళ్లతో పాకుతున్న ఒక భుజం నొప్పావిడ. మూల కుర్చీలో కాళ్లు బారజాపుకుని ఫోను చూసుకుంటున్న బావమరిది.

ఎడమ మోకాలికి నల్లటి నీక్యాప్ బిగించి ఉంది. ఆ మోకాలికి ఏ రోగమూ లేదు.

పోయింది కుడిది. సిమెంటు కోర్టులో, తల మీదుగా పోయిన బంతి కోసం గిర్రున వెనక్కి తిరిగినప్పుడు, లోపల ఎవరో తడిగుడ్డ పిండినట్టయింది. మర్నాటికి మోకాలు ఉబ్బింది. వాపు తగ్గగానే అతను వెళ్లి నీక్యాప్ కొనుక్కుని ఎడమ కాలికి తొడిగాడు. అవతలివాళ్ల కన్ను కట్టు మీదే పడుతుంది, నెట్ దాటగానే పడేసే డ్రాప్ షాట్లన్నీ ఎడమవైపే వేస్తారు, కుడి కాలు చల్లగా బతికిపోతుంది. ఈ ఉపాయం తట్టిన రోజున తన తెలివికి తనే మురిసిపోయాడు. ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తూ జుట్టు నెరిసిన మనిషి కదా. మెడకు పట్టీతో వచ్చి, ఎవరో పిలిస్తే టక్కున తల తిప్పినవాళ్లని ఎంతమందిని పట్టుకోలేదు. నొప్పి నటించేవాళ్లంటే అతనికి పరమ అసహ్యం. తను నటిస్తున్నది నటన కాదు, ఎత్తుగడ.

ఎత్తుగడ బాగానే ఉండేది, బావమరిది కలగజేసుకోకపోతే. భార్యకు తమ్ముడు, డబుల్స్‌లో జోడీ, నోట్లో నువ్వుగింజ నానని రకం. బావ కారు దిగుతూ మూలగడం చూసి చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చి, "మా బావకి ఎడమ మోకాలమ్మా" అని తనే చెప్పేశాడు. అప్పుడు కాదనాలంటే అతనికి నాలుక తిరగలేదు. కాదంటే సాయంత్రానికి క్లబ్బంతా తెలిసిపోతుంది. ఈ ఆదివారం వెటరన్స్ మ్యాచ్‌లో తన స్థానం క్లబ్బులోనే ఆడే ఒక రిటైరైన బ్యాంకాయనకి పోతుంది. ఆయన బంతిని కొట్టడు, చెక్కు మీద ముద్ర వేసినట్టు వేస్తాడు. ఇరవై ఏళ్ల జోడీలోకి అలాంటివాడు వచ్చి నిలబడటం ఊహించుకుంటేనే ఒళ్లు మండుతుంది. నిజం చెబితే మ్యాచ్ పోతుంది. చెప్పకపోతే మోకాలు పోతుంది. ఇన్ని వారాలుగా అతను ఆదివారాన్నే ఎంచుకుంటూ వస్తున్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి మొదటిరోజే ఎడమ మోకాలిని వంచి, తిప్పి, నొక్కి, తనకేమీ దొరకలేదని చెప్పింది. స్కాన్ తీయించుకోమంది. నిక్కర్లో రమ్మంది. అతను రెండూ చెయ్యలేదు. ఏమీ లేనిచోట ఏమీ లేదని కనిపెట్టడానికి ఇంత చదువా అనుకున్నాడు. ఆమె ఉపన్యాసం మాత్రం ఆగలేదు. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కాలట. తొడ కండలు, పిరుదుల కండలు గట్టిగా ఉంటే మోకాలి మీద బరువు పడదట. సిమెంటు మానేసి మట్టి కోర్టులో ఆడాలట. అరిగిన బూట్లు పారేయాలట. పొట్ట తగ్గాలట. వరసరోజుల్లో ఆడకూడదట. ఇవన్నీ పాటించేవాడికి టెన్నిస్ ఆడే తీరిక ఎక్కడుంటుంది? ఆరోగ్యంగా ఉండటమే వాడికి ఉద్యోగం.

రెండు కాళ్లతోనూ చెయ్యమనేది. కుడి కాలి వంతు రాగానే అతను బల్ల పట్టుకునేవాడు. ఆమె లావుపాటాయన దగ్గరికి వెళ్లగానే లెక్క ఎగ్గొట్టేవాడు. ఈరోజు ఆమె కదల్లేదు.

"కాలు మార్చండి సర్. చేతులు నడుం మీద పెట్టుకోండి" అంది.

అతను కుడి కాలి మీద నిలబడ్డాడు. ఎడమ మడమ సగం దూరం దిగిందో లేదో, కుడి మోకాలు తనది కానట్టు లోపలికి ఒరిగింది. నొప్పి తొడ దాకా పాకింది. చెయ్యి గాల్లో వెతికింది. బావమరిది ఎప్పుడు లేచాడో, భుజం అందించాడు.

"ఇక చెప్పేయరాదూ బావా" అన్నాడు నెమ్మదిగా.

"ఏం చెప్పాలి?"

"కుడిదని."

అతను వంగి ఎడమ కాలి కట్టు సర్దుకున్నాడు.

"నీక్యాప్ లేనిదే నొప్పికాలు. క్లబ్బులో తెలీనిదెవరికి? నాది చూడు, కట్టు ఈ కాలికి, పోయింది ఆ కాలు. అందరం అంతే. బ్యాంకాయన రెండిటికీ వేసుకుంటాడు, ఆయనకి పోయింది నడుం."

రబ్బరు బ్యాండాయన కిసుక్కున నవ్వాడు.

"తెలిసి మరి ఎడమ అని ఎందుకు చెప్పావు?"

"కట్టు కట్టుకుని కూర్చుంది నువ్వు. ఆ అమ్మాయి ముందు నీ పరువు నేను తియ్యనా? ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని చూస్తున్నా. నీకేమో పంతం."

సీజనంతా డ్రాప్ షాట్లు కుడివైపే పడ్డాయి. అతనికి అవి ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. చేతకాక గురి తప్పుతున్నారనుకున్నాడు. జాలిపడ్డాడు కూడా. మెడ పట్టీ వేసుకుని వచ్చి తన బల్ల ముందు కూర్చున్న ఆ మొహాల్లో ఎప్పుడూ ఒక ధీమా కనిపించేది, ఎదుటివాడు వెర్రివాడన్న ధీమా. అది ఇన్నాళ్లూ తన మొహంలో ఎంత అందంగా వెలిగి ఉంటుందో.

"ఆదివారం సంగతి?" అన్నాడు.

"నువ్వు చెప్పు. ఆడతానంటే పక్కన నిలబడతా. లేదంటే బ్యాంకాయనకి ఫోన్ చేస్తా."

ఆ అమ్మాయి మధ్యలోకి రాలేదు. ఆదివారం మానేస్తే ఎప్పటికి ఆడొచ్చని అతనే అడగాల్సి వచ్చింది. చూడని మోకాలి గురించి తనేమీ చెప్పలేనంది. ఆమె గొంతులో వెటకారం కోసం వెతికాడు. దొరికి ఉంటే తేలికగా ఉండేది, తిట్టుకుంటూ లేచిపోయేవాడు.

కుడి కాలిని రెండు చేతులతో పట్టుకుని బల్ల ఎక్కాడు.

"ఆయనకి చెయ్యి ఫోన్" అన్నాడు బావమరిది వైపు చూడకుండా. "గ్రిప్పు మార్చుకోమని కూడా చెప్పు. గరిటె పట్టినట్టు పట్టుకుంటాడు వెధవ."

తర్వాత వంగి, ట్రాక్ ప్యాంటు కుడి కాలు మోకాలి పైదాకా లాక్కున్నాడు.