మూడు పొగల ఊరు

మానవజాతి తనను తాను లెక్కపెట్టుకోవడానికి కనిపెట్టిన సాధనాల్లో పొగగొట్టాన్ని మించినది లేదు. రాజ్యాలు కూలాయి, జెండాల రంగులు మారాయి. జామోష్యే మండలంలో మాత్రం ఊరిని ఈనాటికీ గడపలతో కాక పొగలతోనే కొలుస్తారు. మండలానికి ఉత్తరాన అడవి, దక్షిణాన బురదనేల, నడుమ జనాభా. మొదటి రెండూ ఏటేటా అభివృద్ధి చెందుతున్నాయి.

ఆ జనాభాలో ఒకరైన తైసియా ఫొకీవ్నా ఆ ఉదయం రెండో పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూడిద తోడుతోంది. బడి బాయిలరులోకి బొగ్గు ఎగదోస్తూ ఉద్యోగజీవితమంతా గడిపిన మనిషి. పొట్టి, వెడల్పు. కనుబొమలు ఎప్పుడో నిప్పుకు ఆహుతై మళ్ళీ మొలవడం మానుకున్నాయి. అరచేతులు కాలి కాలి ఎంత మొద్దుబారాయంటే, జారిన నిప్పుకణికను వేళ్ళతోనే తీసి లోపల సర్దుతుంది. మొదటి పొయ్యి ఆమె సొంతం. రెండోది ప్రోఖర్ ఇంటిది. అతను గుట్ట మీది శ్మశానంలో ఉన్నాడు. మూడోది జినాయిదాది; ఆమె కూడా అక్కడే, కాస్త అవతలగా.

మూడు పొగలైనా లేని ఊరికి చలికాలంలో మంచు తొలగించబడదని మండల సభ గంభీరంగా తీర్మానించి ఉంది. దారి మూసుకుపోతే తైసియాను పట్నంలోని వృద్ధాశ్రమానికి తరలిస్తారు. అక్కడ వెచ్చదనం గోడల్లోని గొట్టాలలోంచి వస్తుందట. కంటికి కనబడని నిప్పును ఆమె జన్మలో నమ్మలేదు. అందుకే రోజూ పోయినవాళ్ళ ఇళ్ళలో పొయ్యిలు వెలిగిస్తోంది.

జినాయిదా పొయ్యి పెంకిది. "బతికున్నప్పుడూ ఇంతేగా నువ్వు! పొగంతా నా మొహానే ఊదాలా?" అని తైసియా ఖాళీ బల్ల కేసి చూసి తిట్టింది. పరాయి ఇల్లు కనుక ఆ బల్ల మీది దుమ్మును ఆమె ఎన్నడూ తుడవదు. అయినా ఒక కుర్చీ ఎదుట దుమ్ము ఎప్పుడూ పలచగానే ఉంటుంది. ఆ సంగతి ఆమె ఆలోచించదు.

మధ్యాహ్నం మంచు ట్రాక్టరు గుట్ట దిగి వచ్చింది. డ్రైవరు నికాండ్ర్ పక్కన, నక్కతోలు టోపీలో, మండల కార్యాలయపు అధికారిణి రిమ్మా అర్కాద్యెవ్నా కూర్చుని ఉంది.

"ఏం పిన్నీ, ఇంకా పోలేదా?" అన్నాడు నికాండ్ర్.

"నిన్ను ముందు సాగనంపి పోదామని ఆగానురా."

రిమ్మా గొంతు సవరించుకుంది. "తైసియా ఫొకీవ్నా గారూ, మిగతా రెండిళ్ళవాళ్ళనీ ఒకసారి పిలవండి. చూసి వెళ్ళిపోతాను."

"ప్రోఖర్ చేపలకెళ్ళాడమ్మా. ఏటి మీద మంచుగడ్డకి కన్నం పెట్టుక్కూర్చుంటే మరి పొద్దూ తెలీదు, పెళ్ళామూ గుర్తురాదు."

"మరి జినాయిదా గారు?"

"ఎక్కడికి పోద్దీ, ఇంట్లోనే ఉంది. తలుపు కొట్టు తల్లీ, పలుకుద్ది."

ఆ ఇద్దరి శవపేటికలనూ తన ట్రాక్టరు మీదే గుట్టకు చేర్చిన నికాండ్ర్, సరిగ్గా అప్పుడే ఇంజను నూనె పరీక్షలో లీనమయ్యాడు.

రిమ్మా తలుపు కొట్టింది. లోపల కుర్చీ జరిగింది. అడుగులు, చాలా నెమ్మదిగా, తలుపు దాకా వచ్చి ఆగాయి. రిమ్మా చెయ్యి గడియ దగ్గరే ఉండిపోయింది.

"వద్దులెండి," అందామె గొంతు తగ్గించి. "పెద్దావిడ, ఎందుకు ఇబ్బంది పెట్టడం. మూడు. మూడున్నాయి." ట్రాక్టరు ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ట్రాక్టరు చప్పుడు అడవిలో కలిసిపోయేదాకా తైసియా జినాయిదా గుమ్మంలోనే నిలబడింది. పొయ్యిలో పచ్చికట్టె చిట్లినా ఇందాకటి అడుగుల్లాంటి చప్పుడే వస్తుంది. కానీ పొద్దున తాను పెట్టింది ఎండు భూర్జ కట్టె. కట్టెల విషయంలో ఆమె పొరబడదు. తలుపు తోసింది.

"ఉండవే, వస్తున్నా," అంది లోపలికి. "అబ్బ, కాళ్ళు లాగేస్తున్నాయి. కాసేపు కూర్చోనీ."

మర్నాడు నికాండ్ర్ వచ్చి హారను కొట్టినా ఎవరూ బయటికి రాలేదు. రెండు పొగగొట్టాలు చల్లగా ఉన్నాయి. జినాయిదా ఇంటి మీద మాత్రం సన్నటి పొగ నిటారుగా లేస్తోంది. తైసియా పొయ్యి ఎదుట, అరచేతులు మంట కేసి చాచి కూర్చుని ఉంది. ఆ చేతులు మంచుకన్నా చల్లగా ఉన్నాయి. రాత్రికి ముందే పోయినట్టుంది. పొయ్యిలో కట్టె ఇంకా సగమే కాలింది. నికాండ్ర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ కట్టె గురించి ఇక ఆలోచించకూడదని నిశ్చయించుకుని, ఆమెను దుప్పటిలో చుట్టి తన పక్క సీటులో కూర్చోబెట్టాడు.

బావి పక్కన ఆమె వదిలేసిన బకెట్టుకు చక్రం తగలకుండా, నికాండ్ర్ ఎంతో జాగ్రత్తగా తైసియా పెరట్లో ట్రాక్టరు తిప్పాడు. గుట్ట మీది కలప డిపో దాకా అతను ఏటా మంచు ఎలాగూ తీయవలసిందే. అంత ఇరుకు దారిలో బండి వెనక్కి తిప్పుకునేందుకు గుట్ట దిగి ఆ పెరటిదాకా రావడం తప్ప వేరే మార్గం లేదు, పొగలున్నా లేకున్నా.