తాత సన్నాయికి ఏ కార్డు?

చల్లపల్లి చుట్టుపక్కల మా తాత పీరు సాహెబు సన్నాయి వాయించని పెళ్ళి లేదు. ప్రతి పెళ్ళి వీడియోలోనూ బుగ్గలు పూరించి కనిపిస్తాడు. వినిపించేది మాత్రం సినిమా పాట! వీడియోవాళ్ళు సన్నాయి తీసేసి పాట అతికిస్తారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

2005 వేసవిలో తాత ముందు పళ్ళు కదిలి, చిగుళ్ళకి చీము పట్టి, విజయవాడలో మా ఇంటికి వచ్చాడు. పళ్ళు తీసేయాల్సిందే అన్నాడు డాక్టరు. తాత ససేమిరా అన్నాడు.

"పళ్ళు పోతే పెదాలకి పట్టుండదు మహెక్. ఇక నా వాయింపు వినపడదు. ఎక్కడన్నా రికార్డు చేసి దాచి ఉంటే చెప్పు, పళ్ళు ఇప్పుడే తీయించుకుంటా."

ఎక్కడా లేదు. దవడ మాత్రం వాచిపోతోంది.

"నా కంప్యూటర్లో దాస్తా తాతా!" అన్నాను. మైకు ఉంది గానీ, రికార్డు చెయ్యడానికి మంచి సౌండ్ కార్డు కావాలి. మాణిక్యం గారి కొట్లో రెండు రకాలున్నాయి. ఒకటి కంప్యూటర్ లోపల బిగించేది, ఇంకొకటి వైరుతో బయట తగిలించే చిన్న డబ్బా. నాకు డబ్బా మీద మనసు పోయింది.

"అది ఆటబొమ్మండీ. లోపల బిగిస్తేనే గట్టిగా ఉంటది" అన్నారు మాణిక్యం గారు. ఆయన మాట నమ్మడం నా ఖర్మ. ఇంటికొచ్చి నేనే మరలు విప్పి కార్డు బిగించాను. ఒకటే సంబరం!

తాత చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకోగానే మొహం విప్పారింది.

"శ్రుతి పెట్టావే! కాస్త కిందకుంది, పర్లేదులే" అని సన్నాయిని దానికి కలుపుకుని వాయించడం మొదలెట్టాడు.

నేను శ్రుతి పెట్టలేదు. అది కంప్యూటర్ లోపలి నుంచి కార్డులోకి దూరిన గుయ్యిమనే రొద. తర్వాత వింటే కల్యాణి రాగం వెనక ఆ గుయ్ అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది. తాత నవ్వబోయి నొప్పికి దవడ పట్టుకున్నాడు.

కార్డు ఊడదీసి, తాతని రిక్షా ఎక్కించి, కొట్టుకి వెళ్ళాను.

"మాణిక్యం గారూ, మీ కార్డు మా తాతకి శ్రుతి వేస్తోందండీ! ఆ డబ్బా ఇచ్చేయండి."

"సీలు తీశాక వాపసుండదమ్మా..." అంటూనే ఆయన తాత దవడ వైపు చూశారు. కార్డు తీసుకుని డబ్బా ఇచ్చేశారు.

ఈసారి హెడ్‌ఫోన్లో చడీచప్పుడు లేదు.

"పాడైపోయిందా?" అని తాత కంగారు పడ్డాడు.

"బాగుపడింది తాతా! నీ శ్రుతి పెట్టె తెరువు."

శ్రుతి సాగింది. తాత అదే కల్యాణి ఎత్తుకున్నాడు. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. తర్వాత వినిపిస్తే ఒక్కో స్వరం కడిగిన గాజులా వచ్చింది. మధ్యలో ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఆనందంతో నేను కేక పెట్టేశాను.

తాత కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఎవరూ సినిమా పాట అతికించలేదు. హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చాడు.

"డాక్టరు గారికి ఫోన్ చెయ్యమ్మా. తీసెయ్యమను."