కారచేప మూతి

కారలు తోమడం మొదలుపెడితే గంట పని. చేప అరచేతిలో సగం ఉండదు, ఒళ్ళంతా జిగురు. కళ్ళుప్పు వేసి చట్టిలో రుద్దుతుంటే ఆ వెండిరంగంతా వేళ్ళకి అంటుకుంటుంది. "చిన్న చేపలే కదా, చిటికెలో అయిపోతాయి" అని రెండు వాటాలు కొని పడేసి మా ఆయన కొబ్బరి కొట్టుకి వెళ్ళిపోయేరు. ఆ చిటికె ఎవరు వేస్తారో మరి.

"మూతి పట్టుకుని లాగి చూడమ్మా, సత్యదుర్గా" అంది పొద్దున్న అంతర్వేది నుంచి చేపలు తెచ్చిన వీరాయమ్మ. లాగేను. మూతే లేదనుకున్న చోటి నుంచి సన్నటి గొట్టం ఒకటి కిందికి సాగింది. వదిలితే మళ్ళీ లోపలికి ముడుచుకుపోయింది.

"కొన్నిటికి పైకి సాగుద్ది, కొన్నిటికి ముందుకి. వంశం ఒకటేనమ్మా, మూతులే వేరు. చీకట్లో ఈటి గొంతు దగ్గర మిణుకుమని వెలుగుద్దంటారు మావోళ్ళు."

"ఎందుకు వెలుగుతుంది?" అన్నాను.

"చేపలు కొనేవోళ్ళే గానీ ఇలా అడిగేవోళ్ళు లేరమ్మా" అని నవ్వి బేసిన్ నెత్తికెత్తుకుంది.

నాకు ఇంటర్ బైపీసీ మొదటి ఏడు సగంలో ఆపి పెళ్ళి చేసేరు. లేకపోతే తెలిసేదేమో. పెళ్ళిచూపుల్లో మా అమ్మ "మా పిల్లకి నోట్లో నాలిక లేదండీ" అంటే అత్తయ్యగారు ఎంత సంబరపడ్డారో! ఈ ఐదేళ్ళలో ఈ ఇంట్లో నేను ఎక్కువసార్లు అన్న మాట 'ఆయ్'. ఇప్పుడు మా శిరీషకి మూడేళ్ళు నిండినా మాట రాలేదు. "తల్లి నోరు తెరిస్తే కదా పిల్ల నోరు తెరిచేది" అంటారు ఆ అత్తయ్యగారే. వస అరగదీసి నాలిక మీద రాసేరు. చిలక కొరికిన జామపండు తినిపించేరు. డాక్టరుకి చూపిద్దామండీ అంటే మా ఆయన "నేను నాలుగేళ్ళకి మాట్లాడేను. నీకన్నీ భయాలే" అని కొట్టిపారేసేరు. నిజమే, నాకన్నీ భయాలే. నిద్రలో దాని ఊపిరి కూడా వింటూ కూర్చుంటాను.

శిరీష నా పక్కనే చేప మూతి లాగుతోంది, వదులుతోంది, మళ్ళీ లాగుతోంది. అంతలో దాని వెనకాల కుళాయి గట్టు మీది ఇత్తడి బిందె జారి చప్టా మీద పడింది. నేను ఉలిక్కిపడి చేతిలో చేప వదిలేసేను. తలకాయల కోసం కాచుకున్న పిల్లి గోడ దూకేసింది.

శిరీష తల ఎత్తలేదు.

దీపావళికి టపాకాయల మోతలో అది హాయిగా నిద్రపోతే మావయ్యగారు "మా వంశం ధైర్యం" అని వీధంతా చెప్పుకుని మురిసిపోయేరు. నేనూ మురిసిపోయేను.

లేచి దాని వెనక్కి వెళ్ళి పళ్ళెం మీద గరిటెతో కొట్టేను. పేరు పెట్టి పిలిచేను. ఊహూఁ. ఎదురుగా వచ్చి, చప్పుడు చెయ్యకుండా, కారచేపలాగా మూతి సాచేను. కిలకిలా నవ్వి అదీ సాచింది. జిగురు వేళ్ళతో నా పెదాలు తడిమింది. ఇన్నాళ్ళూ దాని నాలిక మీద వస రాసేం గానీ, చెవి సంగతి ఎవరమూ చూడలేదు.

చేతులు కడుక్కుని దాన్ని చంకనేసుకున్నాను. బిందె చప్పుడుకి అత్తయ్యగారు పెరట్లోకి వచ్చేరు.

"చేపలు సగంలో వదిలేసి ఎక్కడికే?"

"అమలాపురం. చెవుల డాక్టరు దగ్గరికండీ."

"మా అబ్బాయిని అడిగేవా?"

తల దించుకుందామంటే వీలు లేకపోయింది. శిరీష నా పెదాల మీద వేలు పెట్టి వాటినే చూస్తోంది. అందుకని, దానికి కనిపించేలా నోరు బాగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పేను.

"అడగలేదండీ. వెళ్తున్నాం."