మాస్టారి వీపు మీది పదం

నీలకంఠం మాస్టారు పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూనే దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తాడు. పాలవాడు నీళ్ళు కలిపాడని అనుమానం. గాజువాక జంక్షన్లో షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు తననే కావాలని గతుకుల్లోంచి తోలుతున్నాడని అనుమానం. బడికెళ్తే సుద్దముక్కలు ఎవరో విరిచేస్తున్నారని అనుమానం. కొందరికి షుగరుంటుంది, కొందరికి బీపీ ఉంటుంది, ఈయనకి అనుమానం ఉంది. అంతేగానీ మనిషి చెడ్డవాడు కాడు. ఎనిమిదో తరగతికి ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు. బహుపదుల గుణకారం ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని, ఆయన దగ్గర చదివి స్టీల్‌ప్లాంటులో చేరినవాళ్ళు ఇప్పటికీ అంటారు.

"ఈ బ్రాకెట్లో ప్రతి పదమూ ఆ బ్రాకెట్లో ప్రతి పదాన్నీ విడివిడిగా పలకరించాలర్రా! పెళ్ళికెళ్ళి అందర్నీ పలకరించి ఒక్కణ్ణి ఒగ్గీసినావనుకో, ఏటవుద్ది? అలుగుతాడు. పదాలూ అంతే" అంటాడు ఆయన.

ఆ బడిలో అలిగిన పదం వీపెక్కి కూర్చుంటుంది. గుణకారంలో ఏ పదం వదిలేస్తే ఆ పదం, వదిలేసినవాళ్ళ చొక్కా వెనకాల సుద్దతో రాసినట్టు తెల్లగా తేలుతుంది. ఏ సబ్బుకీ పోదు. చొక్కా మారిస్తే కొత్త చొక్కా మీదికొస్తుంది. లెక్క సరిచేసి దాన్ని చేర్చుకుంటేనే దిగుతుంది. గాజువాకలో ఇదో వింతని ఎవరూ అనుకోరు. ఇంటికొచ్చిన పిల్లల్ని తల్లులు వెనక్కి తిప్పి చూసి, "నాలుగెక్సు ఒగ్గీసినావు. అది కలిపీసి అప్పుడు అన్నానికి రా" అంటారు. సిటీ బస్సులో కూర్చున్న పెద్దవాళ్ళు ముందు నిలబడ్డ పిల్లల వీపులు చదువుకుంటూ కాలక్షేపం చేస్తారు.

ఒక సోమవారం మాస్టారు పరీక్ష పెట్టాడు. అందులో బాగా చేసిన ఐదుగురి పేర్లు స్కాలర్‌షిప్ పరీక్షకి వెళ్తాయి. ఫర్హా అనే పిల్లకి ఆ స్కాలర్‌షిప్ చాలా అవసరం. తండ్రి కరీం బాషా టైల్స్ మేస్త్రి, వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయాయి. స్కాలర్‌షిప్ రాకపోతే పిల్ల చదువు ఈ ఏడాదితో సరి, పాత ఊళ్ళో మేనత్త కుట్టుమిషన్ ముందు కూర్చోవాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు.

ఆఖరి లెక్క: (x + 2y + 3)(2x + y + 4). స్టాఫ్ రూంలో దానికి జవాబు రాసుకుంటూ మాస్టారు నాలుగుసార్లు లేచి కిటికీ దగ్గరకెళ్ళాడు, ఎవరో తొంగి చూస్తున్నారని. ఎవరూ లేరు. వచ్చి కూర్చుని, వదిలిన చోటు నుంచి రాసుకుపోయాడు.

పేపర్లు దిద్దుతుంటే ఫర్హా, ఆమె పక్కన కూర్చునే మధులత దొరికారు. ఆఖరి లెక్క దాకా వచ్చింది ఆ ఇద్దరే. ఆయన జవాబులో 8y ఉంటే ఇద్దరూ 11y రాశారు. ఒకే బెంచి, ఒకే తప్పు! మాస్టారి ప్రాణం లేచొచ్చింది.

"ఎవరిది చూసి ఎవరు రాసినారు?" అని నిలబెట్టి అడిగాడు.

"చూసి రాయలేదు సార్. మా వీపులు చూడండి, ఏటీ లేదు" అంది ఫర్హా. కళ్ళలో నీళ్ళు ఆపుకుంటోంది.

"వదిలేస్తే వీపెక్కుద్ది. మీరు ఎక్కువ రాసినారు. ఎక్కువ రాస్తే ఏటొస్తాది? ఆ కిటుకు తెలిసే చేసినారు." ఇద్దరి పేర్లూ లిస్టులోంచి కొట్టేశాడు. గురువారం తండ్రిని తీసుకురమ్మని ఫర్హాకి చెప్పాడు.

ఆ రోజు నుంచి లోకమంతా ఆయన మీద ఏదో కుట్ర పన్నుతున్నట్టే ఉంది. బోర్డు వైపు తిరిగితే వెనకాల గుసగుస. గభాల్న ఇటు తిరిగితే నలభై తలలూ పుస్తకాల్లో. స్టాఫ్ రూంలోకి అడుగుపెడితే మాటలు టక్కున ఆగిపోతున్నాయి. ఆటోలో చేపల బుట్టతో కూర్చున్న యారాడ ఊరి ఆడమనిషి ఆయన దిగుతుంటే "అయ్యో పాపం" అంది. ఏవిటి పాపం? ట్రాన్స్‌ఫరా? ఎవరైనా పిటిషను పెట్టారా?

ఇంట్లో భార్య కుసుమకుమారి సంగతి మరీ అనుమానంగా ఉంది. ఆయన లేవకముందే పెరట్లో చొక్కాకి నిమ్మచెక్క పెట్టి తెగ రుద్దుతోంది.

"నిన్ననే ఉతికినావు కదే! మళ్ళీ ఏటి?"

"మురికుందండి" అని తల వంచుకుంది. పోయినేడు ఆయన పంచాంగంలో తిథి తప్పు చూశాడని ఆమె పదిమందిలో అన్నందుకు, ఆయన నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులు ఆమె మరిచిపోలేదు. పాపం, మళ్ళీ ఆ మౌనం భరించే ఓపిక ఆమెకి లేదు.

గురువారం మూడింటికి కరీం బాషా వచ్చాడు. పని మీంచి తిన్నగా వచ్చాడేమో, చేతులకి సిమెంటు అలాగే ఉంది. లిస్టు నాలుగింటికి వెళ్ళిపోతుంది.

"చూడండి, ఈ గళ్ళేటి? నాను ఇలగ చెప్పలేదు. బయట ఎవరో నేర్పినారు" అని మాస్టారు ఫర్హా పేపరు ఆయన ముందు పడేశాడు.

"నేనే సార్. పొడుగు మూడు ముక్కలు, వెడల్పు మూడు ముక్కలు. నేల మీద గీసుకుంటే తొమ్మిది గళ్ళు. ఒక్క గడి మర్చిపోయినా ఓనరు ఊరుకోడు కదా! చిన్నప్పట్నించీ నా పక్కన కూర్చుని చూసింది, అంతే."

మాస్టారు నమ్మలేదు. బీరువాలోంచి జవాబుల కాగితం తీద్దామని అటు తిరిగాడు. కరీం బాషా ఆయన వీపు చూశాడు, పేపరు చూసుకున్నాడు, మళ్ళీ వీపు చూశాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మీరు ఎనిమిది గళ్ళే పరిచారు. తొమ్మిదోది మీ వీపు మీదుంది. మూడు వై."

"ఏటి? ఎవరో రాసినారు! ఆ పిల్లలే రాసుంటారు!" మాస్టారు చొక్కా విప్పి చూశాడు. ఉంది. డస్టరు పెట్టి రుద్దుతుంటే మాయమై బనీను మీదికొచ్చింది. అది కూడా కరీం బాషాయే చెప్పాల్సి వచ్చింది.

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. ఫర్హా గళ్ళ మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. మూడుని వై పలకరించే గడి దగ్గర వేలు ఆగింది. సరిగ్గా అక్కడే తను కిటికీ దగ్గరకి లేచాడు. కాగితంలో ఆ పదం చేర్చి, ఎనిమిదిని పదకొండు చేసి, లిస్టులో ఇద్దరి పేర్లూ పైన రాసి నాలుగు కాకముందే పంపించాడు. కరీం బాషాతో మాత్రం "సరే, ఎల్లండి" అని ఊరుకున్నాడు.

ఇంటికెళ్ళి భార్యకి వీపు చూపించాడు. "పోయిందా?"

"మూడు వై పోయిందండి." ఆమె తడబడింది. "ఇంకో పదం ఉంది. తెలుగులో."

"ఏటది?"

"'తప్పయింది' అని."

ఆమె నిమ్మకాయ తెస్తానంటే వద్దన్నాడు.

మర్నాడు తరగతిలో నిలబడి, గొంతు సవరించుకుని, పైకప్పు వైపు చూస్తూ, "మొన్నటి లెక్కలో తప్పయింది" అన్నాడు. వెనక్కి తిరిగి, "పోయిందేటర్రా?" అని అడిగాడు.

"పోలేదు సార్. కొంచెం పల్చబడింది" అన్నారు పిల్లలు.

తను చెప్పే పాఠమే. బ్రాకెట్టు మొత్తాన్ని ఒక్కసారి పలకరిస్తే సరిపోదు. మాస్టారు ఫర్హా దగ్గరకెళ్ళి, "అమ్మా, నా వల్ల తప్పయింది" అన్నాడు. మధులతతో మళ్ళీ అన్నాడు. సాయంత్రం కొత్త అపార్ట్‌మెంటు మూడో అంతస్తు ఎక్కి, మోకాళ్ళ మీదున్న కరీం బాషా పక్కన తనూ కూర్చుని అన్నాడు. ఇంటికొచ్చాక కూడా చివరి అక్షరం మిగిలే ఉంది.

"కుసుమా, పోయినేడు ఆ పంచాంగం సంగతి. నాదే తప్పయింది."

ఆమె ఆయన వెనక్కి వచ్చి చూసింది. ఆ అక్షరమూ పోయింది. చొక్కా మీద చెయ్యి పెట్టి ఏడ్చింది.

జూన్‌లో ఫర్హా స్కాలర్‌షిప్‌తో తొమ్మిదో తరగతికొచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. మాస్టారు ఇప్పుడు ఏ పరీక్షకి జవాబులు రాసుకున్నా, పరీక్ష అయ్యాక దిద్దేముందు ఆమెని పిలిచి ఆ కాగితం చేతికిస్తాడు. "గళ్ళు గీసి చూడమ్మా, నాకెందుకో అనుమానంగా ఉంది" అని, వీపు ఆమె వైపు తిప్పి నిలబడతాడు.